ఎన్టీఆర్ తొమ్మిది పోటీలు, ఎనిమిది గెలుపులు: శాసనసభ్యుడిగా ఆయన ఎన్నికల చరిత్రను ఎలా చదవాలి?

పెన్నాతీరం:

సభ్యులందరికీ నమస్కారం. నందమూరి తారక రామారావు గారి గురించి ఇక్కడ జరిగిన చర్చలలో ఎక్కువ భాగం ముఖ్యమంత్రిగా ఆయన పాలన చుట్టూనో, ఆయన పదవి పోగొట్టుకున్న 1984, 1995 ఆగస్టు సంక్షోభాల చుట్టూనో తిరిగాయి. ఒక నియోజకవర్గం ఎన్నుకున్న శాసనసభ్యుడిగా ఆయనను విడిగా చూసి మాట్లాడుకున్నది చాలా తక్కువ. ఈ చర్చను ఆ ఒక్క విషయానికే పరిమితం చేద్దామని నా మనవి.

ఆయన ఎదుర్కొన్న శాసనసభ సాధారణ ఎన్నికలు నాలుగు. 1983లో తిరుపతి, గుడివాడ స్థానాలలో పోటీ చేసి రెండింటా గెలిచారు. 1985లో హిందూపురం, గుడివాడ, నల్గొండ, ఈ మూడూ గెలిచారు. 1989లో హిందూపురం గెలిచి కల్వకుర్తిలో ఓడిపోయారు. 1994లో హిందూపురం, టెక్కలి రెండూ గెలిచారు. మొత్తం తొమ్మిది పోటీలలో ఎనిమిది విజయాలు, ఒక పరాజయం.

ఈ లెక్కను అభిమానులు అజేయమైన రికార్డుగా చెబుతారు. విమర్శకులు మాత్రం, ఒకే మనిషి ఒకే గాలిలో రెండు మూడు చోట్ల నిలబడితే వచ్చిన గెలుపులను విడివిడిగా లెక్కపెట్టడం న్యాయం కాదంటారు. నాకు రెండో వాదనలో కొంత బలం కనిపిస్తున్నది గానీ, అది కూడా పూర్తిగా తృప్తిపరచడం లేదు. ఆయన ఎక్కడ గెలిచారన్న దానికంటే ఎక్కడ నిలబడాలని ఎంచుకున్నారు, గెలిచిన తరువాత దేనిని ఉంచుకున్నారు అన్న ప్రశ్నలే ఎక్కువ విషయం చెబుతాయని నా అభిప్రాయం. మీరేమంటారు?

కృష్ణాతీరం:

మంచి చర్చ మొదలుపెట్టారు. 1983 నుంచే చూద్దాం, ఎందుకంటే ఆ ఎన్నికను తరువాతి మూడింటితో కలిపి ఒకే కొలబద్దతో కొలవలేము.

తెలుగుదేశం పార్టీ ప్రకటన 1982 మార్చి 29న జరిగింది, పోలింగ్ 1983 జనవరి 5న. మధ్యలో ఉన్నది తొమ్మిది నెలల పైచిలుకు మాత్రమే. 1978 తరువాత అయిదేళ్లు తిరగకుండానే చెన్నారెడ్డి, అంజయ్య, భవనం వెంకట్రామ్, కోట్ల విజయభాస్కర రెడ్డి గార్ల రూపంలో నలుగురు ముఖ్యమంత్రులను కాంగ్రెస్ అధిష్ఠానం మార్చింది. ఆ విసుగు, బేగంపేట విమానాశ్రయంలో రాజీవ్ గాంధీ చేతిలో అంజయ్య గారికి జరిగిన అవమానం, చైతన్య రథం అనే ప్రచార వాహనం మీద ఎన్టీఆర్ సాగించిన పర్యటన, అన్నీ కలిసి 294 స్థానాల సభలో తెలుగుదేశానికి రెండు వందలకు పైగా స్థానాలు ఇచ్చాయి. కాంగ్రెస్ 60 దగ్గర ఆగిపోయింది.

ఇక స్థానాల ఎంపిక. ఆయన పుట్టిన నిమ్మకూరు అప్పటి గుడివాడ తాలూకాలోది. గుడివాడలో నిలబడటం సొంత ఊరి వాళ్ల ముందుకు వెళ్లడం. తిరుపతి ఎంపికలో మాత్రం వేరే లెక్క ఉన్నది. పౌరాణిక పాత్రలతో జనం గుండెల్లో నిలిచిన నటుడు తిరుపతి ఓటరు ముందు చేతులు జోడిస్తే ఆ దృశ్యానికి ఉపన్యాసం అవసరం లేదు. పైగా అది రాయలసీమ. కొత్త పార్టీని కోస్తా జిల్లాల పార్టీ అని, ఒక కులం పార్టీ అని కాంగ్రెస్ వాళ్లు ప్రచారం చేస్తున్న రోజులలో నాయకుడే సీమలో నామినేషన్ వేయడం ఆ ప్రచారానికి సమాధానం. కాబట్టి రెండు స్థానాలలో పోటీ కేవలం భయంతో వేసుకున్న రక్షణ కవచం కాదు. కొత్త పార్టీ అధినేతకు ఆ భయం కూడా కొంత ఉండి ఉంటే అందులో తప్పు పట్టవలసింది లేదు.

పాలమూరు పాఠకుడు:

కృష్ణాతీరం గారూ, మీ విశ్లేషణ బాగున్నది గానీ ఇలాంటి చర్చ ఎప్పుడు వచ్చినా ఎనిమిది గెలుపుల మీద పేజీలకు పేజీలు నడిచి, కల్వకుర్తి దగ్గరకు వచ్చేసరికి ఒక వాక్యంతో ముగుస్తుంది. ఆ మొత్తం రికార్డులో రాజకీయంగా అన్నిటికంటే ఆసక్తికరమైన ఫలితం అదేనని నా నమ్మకం. అందుకే కొంచెం వివరంగా రాస్తాను.

1989లో ఆయన అధికారంలో ఉన్న ముఖ్యమంత్రి, జాతీయస్థాయిలో కాంగ్రెసేతర పార్టీల కూటమి అయిన నేషనల్ ఫ్రంట్‌కు అధ్యక్షుడు. అటువంటి నాయకుడు మహబూబ్‌నగర్ జిల్లాలోని ఒక మెట్ట ప్రాంతపు నియోజకవర్గంలో కాంగ్రెస్ అభ్యర్థి జె. చిత్తరంజన్ దాస్ చేతిలో మూడున్నర వేల పైచిలుకు ఓట్ల తేడాతో ఓడిపోయారు. తేడా చిన్నదే. అయినా పదవిలో ఉన్న ముఖ్యమంత్రిని ఓడించడమంటే సామాన్యమైన విషయం కాదు, ఆయనను ఓడించిన నాయకుడిగానే దాస్ గారి పేరు ఇప్పటికీ పలుకుతారు.

ఈ ఓటమికి స్థానిక కారణాలు, రాష్ట్రవ్యాప్త కారణాలు రెండూ ఉన్నాయి. ఆ ఎన్నికలలో కాంగ్రెస్‌కు 47 శాతం, తెలుగుదేశానికి 36.5 శాతం ఓట్లు వచ్చాయి. స్థానాలు 181, 74. 1985లో 46 శాతం ఓట్లతో 202 స్థానాలు గెలిచిన పార్టీ నాలుగున్నరేళ్లలో దాదాపు పది శాతం ఓట్లు పోగొట్టుకున్నది. అదే ఏడాది ఫిబ్రవరిలో బడ్జెట్ వివరాలు బయటకు పొక్కాయన్న కారణంతో ఆయన మొత్తం మంత్రివర్గాన్ని ఒక్క వేటుతో తొలగించారు. అంతకు ముందు 1988 డిసెంబరులో విజయవాడలో వంగవీటి మోహనరంగా హత్య, ఆ తరువాత చెలరేగిన అల్లర్లు కోస్తాలో ఒక పెద్ద వర్గాన్ని పార్టీకి దూరం చేశాయి. లోక్‌సభ ఫలితాలు మరీ దారుణం, 42 స్థానాలలో తెలుగుదేశానికి దక్కినవి రెండు. ఢిల్లీలో ఆయన అధ్యక్షత వహించిన ఫ్రంట్ ప్రభుత్వం ఏర్పాటు చేస్తుంటే, ఆయన సొంత రాష్ట్రం నుంచి ఆ ప్రభుత్వానికి అందిన బలం ఇద్దరు ఎంపీలు.

ఇక స్థానిక విషయం. కల్వకుర్తి అప్పటిదాకా సినిమా మోజుకు లొంగిన చోటు కాదు. ఎస్. జైపాల్ రెడ్డి గారిని 1969 నుంచి వరుసగా నాలుగుసార్లు ఎన్నుకున్న నియోజకవర్గం అది. ఆయన కాంగ్రెస్‌లో ఉన్నప్పుడూ గెలిచారు, ఎమర్జెన్సీని వ్యతిరేకించి జనతా పార్టీకి వెళ్లిన తరువాతా గెలిచారు. మనిషిని తూచి ఓటు వేసే అలవాటున్న జనం దగ్గరకు ఎన్టీఆర్ హైదరాబాదు నుంచి వచ్చి నామినేషన్ వేసి, తిరిగి రాష్ట్రమంతా ప్రచారానికి వెళ్లిపోతే, "గెలిచినా ఈయన మనకు ఉంటాడా, హిందూపురానికే పోతాడా?" అన్న అనుమానం రావడం సహజం. 1985లో నల్గొండను గెలిచి వదిలేసిన సంగతి పక్క జిల్లా వాళ్లకు తెలియనిది కాదు కదా.

నల్గొండ నివాసి:

పాలమూరు పాఠకుడు గారు మా జిల్లా ప్రస్తావన తెచ్చారు కనుక నాదీ ఒక మాట. 1985లో ఆయన నల్గొండను వదిలారన్నది నిజమే, ఉప ఎన్నికలో రుద్రమదేవి గారు తెలుగుదేశం తరఫున గెలిచారు. అంటే వదిలేసినందుకు జనం వెంటనే శిక్షించలేదు. కల్వకుర్తి ఓటమిని నల్గొండ జ్ఞాపకంతో ముడిపెట్టడం చదవడానికి బాగుంటుంది గానీ, దానికి ఆధారం చాలదు.

1985లో నల్గొండను ఎంచుకోవడం వెనుక ఉన్న సందర్భాన్ని కూడా చూడాలి. పటేల్, పట్వారీ వ్యవస్థ రద్దయి ఏడాది దాటింది. తరతరాలుగా గ్రామం లెక్కలు, భూమి కాగితాలు తమ చేతుల్లో పెట్టుకున్న కుటుంబాల పట్టు సడలడం తెలంగాణ పల్లెలలో ఎంత పెద్ద మార్పో బయటివారికి వెంటనే అర్థం కాదు. సాయుధ పోరాటం నడిచిన జిల్లాలో దాని విలువ ఇంకా ఎక్కువ. వెనుకబడిన కులాల నుంచి కొత్త నాయకత్వం తెలుగుదేశంలోకి వచ్చిన కాలం కూడా అదే. ఆ ఊపులో సీమ, కోస్తా, తెలంగాణ మూడింటిలోనూ ఒకేసారి నిలబడి మూడింటా గెలవడం, "నేను రాష్ట్రం మొత్తానికి ప్రతినిధిని" అని చెప్పడమే. ప్రత్యేక తెలంగాణ, ప్రత్యేక ఆంధ్ర కోరిన 1969, 1972 ఉద్యమాల గాయాలు ఇంకా పచ్చిగా ఉన్న రాష్ట్రంలో ఆ ప్రకటనకు బరువున్నది.

చట్టం చదువరి:

ఇక్కడ చట్టం ఏమంటుందో చెప్పుకోవాలి, లేకపోతే చర్చ భావోద్వేగాల మీదనే నడుస్తుంది.

అప్పట్లో ఒక అభ్యర్థి ఎన్ని స్థానాలలో పోటీ చేయవచ్చునన్న దానికి చట్టంలో పరిమితి లేదు. 1957లో వాజపేయి గారు ఉత్తరప్రదేశ్‌లో బలరాంపూర్, లక్నో, మథుర మూడు లోక్‌సభ స్థానాలలో పోటీ చేసి, బలరాంపూర్‌లో గెలిచి, మథురలో డిపాజిట్ కూడా దక్కించుకోలేకపోయారు. కాబట్టి ఎన్టీఆర్ 1985లో చేసింది కొత్త విషయమేమీ కాదు, మూడింటికి మూడు గెలవడం అరుదు, అంతే. ప్రజాప్రాతినిధ్య చట్టంలోని 33వ సెక్షనుకు 1996లో సవరణ చేసి, ఒక సాధారణ ఎన్నికలో ఒక సభకు రెండు స్థానాలకు మించి పోటీ చేయరాదని పరిమితి పెట్టారు. ఆయన మరణించినది కూడా ఆ ఏడాది జనవరిలోనే.

అదే చట్టంలోని 70వ సెక్షను ప్రకారం ఒకటి కంటే ఎక్కువ స్థానాలు గెలిచిన వ్యక్తి నిర్ణీత గడువులోగా ఒకటి ఉంచుకుని మిగిలిన వాటికి రాజీనామా చేయాలి. చేయకపోతే అన్ని స్థానాలూ ఖాళీ అవుతాయి. ఆ లెక్కన ఆయన బహుళ విజయాల వల్ల 1983లో ఒకటి, 1985లో రెండు, 1994లో ఒకటి, మొత్తం నాలుగు ఉప ఎన్నికలు వచ్చాయి. ఓడిపోయిన 1989లో మాత్రం ఒక్కటీ రాలేదు!

ఈ ఖర్చు ఎవరు భరించాలన్నది పాత ప్రశ్నే. ఒక అభ్యర్థి ఒకే స్థానంలో పోటీ చేయాలని, లేదంటే ఉప ఎన్నిక ఖర్చుకు కొంత సొమ్ము అతని దగ్గరే వసూలు చేయాలని ఎన్నికల సంఘం 2004లో ప్రతిపాదించింది. లా కమిషన్ 2015 నాటి 255వ నివేదికలో ఒక్క స్థానానికే పరిమితం చేయమని సిఫారసు చేసింది. సుప్రీంకోర్టు 2023 ఫిబ్రవరిలో, ఇది పార్లమెంటు తేల్చవలసిన విధాన విషయమంటూ పిటిషన్‌ను కొట్టివేసింది. చట్టం నేటికీ రెండు స్థానాలను అనుమతిస్తూనే ఉన్నది.

కృష్ణాతీరం:

చట్టం చదువరి గారికి ధన్యవాదాలు. అయితే ఉప ఎన్నికల ఖర్చును ఒక్కటే తూకంలో వేస్తే 1989 అర్థం కాదు. ఆ ఏడాది ఆయన కల్వకుర్తిలో మాత్రమే పోటీ చేసి ఉంటే ఏమి జరిగేది? 74 మంది సభ్యులున్న ప్రధాన ప్రతిపక్షానికి సభలో నాయకుడు లేకుండా పోయేవాడు. హిందూపురం గెలిచినందుకే ఆయన ప్రతిపక్ష నాయకుడిగా శాసనసభలో కూర్చోగలిగారు. చెన్నారెడ్డి, జనార్దన రెడ్డి, విజయభాస్కర రెడ్డి గార్లు వరుసగా ముఖ్యమంత్రులైన ఆ అయిదేళ్లలో ఎదుటి బల్లల వద్ద ఆయన లేకపోతే 1994 ఫలితం అంత ఏకపక్షంగా వచ్చేదా అన్నది ఆలోచించవలసిన విషయం.

అదే కాలంలోని మరో ఎన్నికల నిర్ణయాన్ని ఈ సందర్భంగా గుర్తు చేయడం బాగుంటుంది. 1991లో ప్రధాని పదవిలో ఉన్న పి.వి. నరసింహారావు గారు నంద్యాల లోక్‌సభ ఉప ఎన్నికలో నిలబడినప్పుడు, తెలుగువాడు ప్రధాని అయ్యాడన్న కారణంతో తెలుగుదేశం అభ్యర్థిని పెట్టకుండా ఎన్టీఆర్ తప్పుకున్నారు. సొంత పోటీ కాదు గనుక ఇది రికార్డు లెక్కలోకి రాదు. ఎన్నికలను ఆయన కేవలం గెలుపోటముల పట్టికగా చూడలేదనడానికి మాత్రం ఇది పనికివస్తుంది.

పాలమూరు పాఠకుడు:

నంద్యాల గురించి నాకు పేచీ లేదు. కానీ "రెండో స్థానం లేకపోతే నాయకుడు సభకు దూరమయ్యేవాడు" అన్న వాదన ఓటరు వైపు నుంచి చూస్తే తలకిందులవుతుంది. ఒక నియోజకవర్గ ప్రజలు వద్దన్న మనిషి మరో దారిలో అదే సభకు రావడమే కదా అది? సామాన్య అభ్యర్థికి లేని ఈ వెసులుబాటు పార్టీ అధినేతకు ఎందుకుండాలి? 2009లో చిరంజీవి గారు పాలకొల్లులో ఓడి తిరుపతిలో గెలిచి సభకు వచ్చారు. 2023లో కేసీఆర్ గారు కామారెడ్డిలో ఓడి గజ్వేల్ గెలుపుతో సభ్యులయ్యారు. 2019లో పవన్ కల్యాణ్ గారు భీమవరం, గాజువాక రెండింటా ఓడిపోయారు గనుక అక్కడ ఆ ప్రశ్నే రాలేదు. దారి వేసినవారు ఎవరైనా, దానిని అలవాటుగా మార్చినది మన రాష్ట్ర నాయకులే.

పెన్నాతీరం:

పాలమూరు పాఠకుడు గారి అభ్యంతరం సూత్రంగా సరైనదే. అయినా ఓటరు నిర్ణయం నియోజకవర్గం వరకే చెల్లుతుంది. కల్వకుర్తి ప్రజలు "మాకు వద్దు" అన్నారు, హిందూపురం ప్రజలు "మాకు కావాలి" అన్నారు, రెండు మాటలూ నెగ్గాయి. ఒకరి మాట రెండో వారి మాటను రద్దు చేయాలని అడగడం సబబు కాదు.

ఇక నేను మొదట వేసిన రెండో ప్రశ్నకు, అంటే దేనిని ఉంచుకున్నారన్న దానికి వస్తాను. 1985లో మూడు గెలిచి సొంత ప్రాంతమైన గుడివాడను కాదని హిందూపురాన్ని ఉంచుకోవడం నా దృష్టిలో ఆయన శాసనసభ జీవితంలో అతి ముఖ్యమైన నిర్ణయం. కృష్ణా జిల్లాలో పార్టీకి ఆయన భౌతికంగా ఉండవలసిన అవసరం లేదు. కర్ణాటక సరిహద్దున, బెంగళూరుకు దగ్గరగా, నీటి ఎద్దడి తీరని ఒక పట్టణాన్ని ముఖ్యమంత్రి సొంత నియోజకవర్గంగా పెట్టుకోవడం వల్ల సీమలో పార్టీకి దీర్ఘకాలిక పునాది పడింది.

ఫలితాలు చూడండి. 1983లో పామిశెట్టి రంగనాయకులు గారితో మొదలై ఇప్పటి వరకు హిందూపురంలో తెలుగుదేశం ఓడిపోలేదు. 1985, 1989, 1994లో ఎన్టీఆర్, ఆయన మరణం తరువాత 1996 ఉప ఎన్నికలో కుమారుడు హరికృష్ణ, 1999లో వెంకటరాముడు, 2004లో మళ్లీ రంగనాయకులు, 2009లో అబ్దుల్ ఘని, 2014, 2019, 2024లో మరో కుమారుడు బాలకృష్ణ. రాష్ట్రమంతా కాంగ్రెస్ వైపు ఊగిన 2004లోనూ, వైఎస్సార్ కాంగ్రెస్ 151 స్థానాలు గెలిచిన 2019లోనూ ఆ స్థానం చెక్కు చెదరలేదు. ఈ వరుసలో నందమూరి కుటుంబం వారు కాని అభ్యర్థులు కూడా ఉన్నారు గనుక దీనిని ఇంటిపేరు మహిమ అని తోసిపుచ్చలేము.

గుడివాడ కథ ఇందుకు భిన్నం. ఆయన లేని 1989లో అది కాంగ్రెస్‌కు పోయింది. 1999లో హరికృష్ణ గారు అన్న తెలుగుదేశం అనే సొంత పార్టీ పేరుతో అక్కడ నిలబడి ఓడిపోయారు. పుట్టిన ప్రాంతం వారసులకు ఇవ్వని గెలుపును, ఏ బంధుత్వమూ లేని హిందూపురం ఇచ్చింది.

నాగావళి:

ఆలస్యంగా చేరుతున్నాను. ఉత్తరాంధ్ర మాట ఎవరూ ఎత్తలేదు గనుక నేనే చెబుతాను. 1994లో రెండో స్థానంగా శ్రీకాకుళం జిల్లాలోని టెక్కలిని ఎంచుకోవడంతో, సీమ, మధ్య కోస్తా, తెలంగాణ, ఉత్తరాంధ్ర నాలుగింటిలోనూ పోటీ చేసినట్లయింది. వీటిలో ఆయనకు ఓటమి ఎదురైనది తెలంగాణలో మాత్రమే, అదీ రెండిట ఒకచోట.

ఆ ఎన్నికలో టెక్కలి గెలుపు గురించి సందేహం ఎవరికీ లేదు. కిలో రెండు రూపాయల బియ్యం, మద్యనిషేధం హామీలు, నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి లేచిన సారా వ్యతిరేక ఉద్యమం వల్ల కదిలిన మహిళల ఓటు, అన్నీ కలిసి తెలుగుదేశానికి 216 స్థానాలు ఇచ్చాయి. మిత్రపక్షాలైన సీపీఐకి 19, సీపీఎంకు 15 వచ్చాయి. కాంగ్రెస్ 26కు పడిపోయింది. అటువంటి గాలిలో ఆయన రెండో స్థానం వెతుక్కోవలసిన అవసరమే లేదు. గెలిచిన తరువాత టెక్కలిని వదలడం కూడా ముందే అందరికీ తెలిసిన విషయం. మా జిల్లా నుంచి చూస్తే అది గౌరవం, ఆ వెంటనే ఉప ఎన్నిక.

శ్రీకాకుళం జిల్లాతో ఆ బంధం అక్కడితో ఆగలేదు. ఆయన మరణానంతరం 1996లో పాతపట్నం ఉప ఎన్నికలో ఆయన భార్య లక్ష్మీపార్వతి గారు, 1995లో పార్టీని చేతిలోకి తీసుకున్న అల్లుడు చంద్రబాబు నాయుడు గారి తెలుగుదేశాన్ని ఎదిరించి తన పార్టీ తరఫున గెలిచారు. అదే ఏడాది హిందూపురంలో హరికృష్ణ గారు చంద్రబాబు పక్షాన గెలిచారు. ఒకే మనిషి పేరు చెప్పుకుని రెండు శిబిరాలు రెండు చోట్ల గెలిచాయి.

చట్టం చదువరి:

నాగావళి గారి చివరి వాక్యానికి ఒక చేర్పు. 1995 ఆగస్టు చివర ముఖ్యమంత్రి పదవికి రాజీనామా చేసిన తరువాత కూడా ఎన్టీఆర్ శాసనసభ్యత్వం అలాగే ఉన్నది. 216 మందిని గెలిపించిన నాయకుడి వెంట అప్పటికి మిగిలినది కొద్దిమంది. 1996 జనవరి 18న కన్నుమూసే నాటికి ఆయన చేతిలో ఉన్న ఏకైక రాజ్యాంగబద్ధమైన పదవి హిందూపురం శాసనసభ్యత్వమే. పార్టీ, గుర్తు, ప్రభుత్వం అన్నీ ఎమ్మెల్యేల సంఖ్యాబలంతో చేతులు మారాయి గానీ, ఓటరు నేరుగా ఇచ్చిన ఆ స్థానాన్ని ఎవరూ తీసుకోలేకపోయారు. పెన్నాతీరం గారు కోరినట్లు ఆయనను శాసనసభ్యుడిగా విడిగా చూడాలంటే, ఆ చివరి నాలుగున్నర నెలలను కూడా ఈ లెక్కలో చేర్చాలి.

పాలమూరు పాఠకుడు:

చేర్చండి, అభ్యంతరం లేదు. పట్టికలో కల్వకుర్తి వరుసను మాత్రం చివరకు తోయకుండా 1989 కింద, హిందూపురం పక్కనే రాయండి.